ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి జీవితము

మన తాతముత్తాతలు డిపోలో వ్రేలిముద్ర వేసి, గిర్మిట్ కాగితమునకు కట్టుబడి, ఓడలెక్కి ఊరు విడిచిరి. ఫిజీలో మిగిలిన ఆ కూలి ఒప్పందములు 1920 జనవరి 1న రద్దయినవి. ఆ మరుసటి సంవత్సరముననే, తెలుగుదేశమున ఒక పట్టణవాసులు ఎవరి ఒప్పందమును లేకయే, ఊరు విడుచుటనే ఆయుధముగా జేసికొని సర్కారును ఎదిరించిరి. వారిని నడిపినవారు శ్రీ దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు.

వారు 1889 జూన్ 2వ తేదీన కృష్ణా మండలములోని పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తల్లిదండ్రులను గోల్పోయి బంధువుల పోషణలో పెరిగిరి. ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివి ఎం.ఏ. పట్టము పొందిరి. ఆనంద కుమారస్వామిగారితో గూడి నందికేశ్వరుని అభినయ దర్పణమును ఆంగ్లమున వెలయించిరి. ఆ గ్రంథము 1917లో అమెరికాలో అచ్చయినది. నేడు మన పిల్లలకు దేవాలయములలో నాట్యము నేర్పు పెద్దలు ఈ సంగతి తప్పక తెలిసికొనవలెను. అంత చదివినవారు సర్కారు కొలువులో సుఖముగ నుండవచ్చును. వారు మాత్రము చీరాల చేరి రామదండు అను సేవాదళమును గూర్చి, జానపద కళలను ఆదరించుచు ప్రజలలో మెలగిరి. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశమున జనసమ్మర్దమును అదుపులో నుంచినది ఈ రామదండే.

చీరాల, పేరాల నేతపనివారును చిన్న వర్తకులును ఎక్కువగ నివసించు ఊళ్లు. ఆ రెంటిని కలిపి మద్రాసు ప్రభుత్వము పురపాలక సంఘముగ చేసెను. ఏటా సుమారు 4,000 రూపాయలుగ నున్న పన్నులు 40,000 రూపాయల వరకు పెరిగినవి. మగ్గమును నమ్ముకొన్నవాడు ఎచ్చటినుండి తెచ్చి కట్టగలడు? స్థానిక పరిపాలన మంత్రియగు పానగల్ రాజాగారు తెలుగువారే యైనను మొర ఆలకింపబడలేదు. పన్ను కట్టనందులకు పలువురు చెరసాలకు పోయిరి. వారిలో ఒక స్త్రీయు నుండెను.

1921 ఏప్రిల్‌లో గాంధీమహాత్ముడు చీరాల వచ్చెను. పన్ను నిరాకరించి శిక్షలను శాంతముగ భరించుట యొకటి, పురపాలక సరిహద్దు దాటి పోవుట యొకటి, రెండు త్రోవలు చూపి, కాంగ్రెసు సాయముపై ఆధారపడవద్దని కూడ హెచ్చరించెను. ముందటి యేడు ఖిలాఫత్ కాలమున వేలాది మహమ్మదీయులు హిజ్రత్ అని ఆఫ్ఘానిస్తానమునకు తరలిపోయి యుండిరి. గోపాలకృష్ణయ్యగారు రెండవ త్రోవను ఎన్నుకొనిరి.

సుమారు 15,000 జనములో 13,000 మంది ఇండ్లకు తాళములు వేసి, పిల్లలతో, ముసలివారితో, మగ్గములతో ఊరి వెలుపలకు పోయి పాకలు వేసికొనిరి. ఆ చోటికి రామనగరమని పేరు పెట్టిరి. ఎండలు, వానలు, రోగములు అన్నియు వచ్చినవి. పనులు సాగక చేతిలో కాసులు తరిగినవి. ఇన్ని వేలమందికి కూడు చూచుట ఒక మనుష్యునికి ఎంత భారమో ఊహించుడు. ధనము సేకరించుటకై వారు ఊరూర తిరిగిరి.

ఆ సంవత్సరముననే బరంపురములో ఉపన్యసింపరాదన్న ఆజ్ఞను మీరినందులకు వారిని నిర్బంధించి, ఒక యేడు శిక్ష విధించి, తిరుచినాపల్లి జైలుకు పంపిరి. నాయకుడు లేని రామనగరము కొంతకాలము నిలిచెను. పదునొకండు నెలల పిమ్మట జనులు ఇండ్లకు మరలిరి. పురపాలక సంఘము అట్లే నిలిచినది. ఇది ఓటమియే యని కొందరందురు. లాఠీయెత్తకుండ, రాయి విసరకుండ, అన్ని కులములవారును పదునొకండు నెలలు ఒక్కటిగ నిలిచిన పట్టణములు ఆ కాలమున మఱెన్ని కలవో వారు చూపవలెను.

జైలునుండి వచ్చిన తరువాత వారు ఎక్కువ కాలము జీవింపలేదు. ఆస్తి హరించిపోయెను, క్షయ పట్టుకొనెను. 1928 జూన్ 10వ తేదీన, ముప్పదితొమ్మిది యేండ్ల వయసున, పేదరికముననే కన్నుమూసిరి. విజయవాడలోని కాంగ్రెసు కార్యాలయమునకు ఆంధ్రరత్న భవనమని వారి బిరుదమునే పెట్టిరి.