కాశీకి నడిసిన కాళ్లు ఎవరివి?

ఏనుగుల వీరాస్వామి పేరు మీ పోటీపరీక్షల పుస్తకంలో ఎక్కడో ఒక మూల తగిలే ఉంటాది. ‘కాశీయాత్ర చరిత్ర’ రాసినోడెవరంటే ఒక మార్కు. ఆ మార్కు తీసీసుకుని మనం మరిసిపోతాం. కానీ ఆయన బతుకు ఓసారి తిరగేస్తే మన ఉత్తరాంధ్ర గుంటలకి పనికొచ్చే సంగతులు చానా ఉన్నాయి.

ఆయన 1780లో మద్రాసులో పుట్టాడు. తొమ్మిదేళ్లకే తండ్రి పోయాడు. మీసాలు రాకముందే కొలువు ఎతుక్కోవలసొచ్చింది. తెలుగుకి తోడు తమిళం, ఇంగ్లీషు పట్టీసి, కంపెనీ కచేరీల్లో ఒక్కో మెట్టూ ఎక్కీసి, మద్రాసు సుప్రీంకోర్టులో పెద్ద దుబాసీ అయిపోనాడు. మనోళ్లు సెప్పిన మాటని దొరల సెవికి ఇంగ్లీషులో ఎక్కించడమే ఆ ఉజ్జోగం. నాలాగ బడి సరిగ్గా దొరకనోడికి ఈ సంగతి సదివితే కొండంత ధైర్యం.

సంసారం, కొలువు, బాధ్యతలు అన్నీ ఒక దారికొచ్చీసరికి యాభయ్యేళ్లు నిండాయి. అప్పుడు బయల్దేరాడు కాశీకి. కాశీకెల్లినోడూ కాటికెల్లినోడూ ఒకటేనని జనం అనుకున్న కాలమది. దక్షిణాదికి రైలు 1856లో గాని రాలేదు. అంచేత తయారీ అంటే సంచీ సర్దుకోడం కాదు. కోర్టులో సెలవు పెట్టాలి. దారి ఖర్చులకి డబ్బు సూసుకోవాలి. దిగిన సోట పడుకోడానికి డేరాలు, వంట సామాను, పల్లకీలు, వాటిని మొయ్యడానికి బోయీలు కావాలి. ఆఖరికి దగ్గర దగ్గర నూరుమంది తేలారు. 1830 మే 18న, మండుటెండల్లో మద్రాసు దాటారు.

తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ మీంచి కాశీ. తిరుగు దారిలో గయ, కలకత్తా, జగన్నాథం. అక్కణ్నించి గంజాం దాటి మన శ్రీకాకుళం, విజయనగరం సీమలోంచే నడిసి 1831 సెప్టెంబరు 3న మద్రాసు సేరారు. 15 నెలల పైమాటే.

దారి పొడుగునా ఆయన సేసిన పని ఒకటుంది. ఊరికీ ఊరికీ ఎంత దూరం, నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దిగడానికి సోటుందా, బాట ఎలాగుంది... రోజువారీ రాసి, స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకి పంపీవాడు. 1836లో వీరాస్వామి పోయాడు. ఆ స్నేహితుడే 1838లో దాన్ని అచ్చేయించాడు. తనెనక ఎల్లీవాళ్లకి దారి తెలియాలన్న ఆ బుద్ధికి నేను దండం పెడతాను.

ఇక నా పేచీ. యాత్ర వీరాస్వామిది, పుణ్యమూ ఆయనదే. మరి అన్ని నెలలు ఎవరి కాళ్లు అరిగాయి? నదులు దాటి, అడవులు దాటి పల్లకీ మోసిన బోయీలవి. వాళ్లకి సుప్రీంకోర్టు సెలవు లేదు. ఆళ్ల పేర్లు పోటీపరీక్షలో రావు. ఒక మనిషి పెద్ద వయసులో కోరిక తీర్సుకోడం తప్పంటానా? అనను. మన ఊళ్లో నలభయ్యేళ్లు మట్టి పిసికిన అప్పకీ అయ్యకీ కూడా ఆ హక్కుండాలంటాను. ఉజ్జోగస్తుడికి సెలవు, పింఛను ఉన్నాయి గనక తీరతాది. కూలోడికి అవి లేవు గనక తీరదు. అదీ తేడా.

ఆ మోత నేటికీ ఆగలేదు. పార్వతీపురం మన్యంలో బాట లేని కొండ ఊళ్ల నుంచి నిండు సూలాల్నీ ముసిలోళ్లనీ ఇప్పటికీ డోలీ కట్టి దించుతున్నారు. వీరాస్వామి పల్లకీ పుణ్యానికి ఎల్లింది. ఈ డోలీ పేనం కోసం దిగుతాది.

తమ్ముళ్లూ, సెల్లెళ్లూ, మీ సేతిలో ఫోనుంది. వీరాస్వామి సేసిన పని మీరూ సెయ్యండి. ఈసారి డోలీ లేస్తే తారీకు రాయండి. కొండ మీంచి రోడ్డుకి ఎన్ని కిలోమీటర్లో, ఎన్ని గంటలు పట్టిందో, మజ్జిలో ఎన్ని గెడ్డలు దాటారో రాయండి. మోసినోళ్ల పేర్లు, ఆళ్లు ఒప్పుకుంటే, అందరివీ రాయండి. ఆ కాగితం అర్జీకి కుట్టి ఇవ్వండి. రోడ్డెయ్యమని అడిగినప్పుడు, దూరం తెల్డని ఏ ఆఫీసరూ తప్పించుకోలేకుండా ఉండాల.