రఘునాథనాయకుఁడు – వీణ మెట్లు

మెట్లు గల వాద్యము మనకుఁ గ్రొత్త గాదు. మన నాగరుకర్నూలు సీమవాసి దర్శనం మొగులయ్యగారు 12 మెట్ల కిన్నెరకై 2022లో పద్మశ్రీ పొందిరి. వీణకు 24 మెట్లు స్థిరపఱచిన రాజును గూర్చి యిట వ్రాయుచున్నాము.

అచ్యుతప్పనాయకుని కుమారుఁడగు రఘునాథనాయకుఁడు 1600 మొదలు 1634 వఱకు తంజావూరు నేలెను. యుద్ధములందు గెలిచియు, తెలుఁగునఁ గావ్యములు రచించియు, వీణను విడువఁడయ్యెను. పూర్వము రాగము మారినప్పుడెల్ల మెట్లను జరుపవలసి యుండెను. ఇతఁడు స్థాయికి 12 చొప్పున మెట్లను గదలకుండ నమర్పించి, ఒక్క వీణపైననే సకలరాగములు పలుకునట్లు చేసెనని ప్రతీతి.

1673లో నాయకరాజ్య మంతరించెను. ఆ మెట్లు నిలిచినవి. నేఁటికిని బొబ్బిలి పనివారు పనసదుంగను దొలిచి, ఒక్కొక్క మెట్టును చెవితో సరిచూచి మైనమున నాటుచున్నారు. వీణ విన్నపుడు విద్యార్థులు వాద్యకారునితోఁ బాటు ఆ పనివానిని, ఆ రాజును దలఁపవలెనని కోరుచున్నాము.