ఫాదర్ హయ్యర్

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ (1793 జూలై 10 – 1873 నవంబర్ 7) తెలుగునాట లూథరన్ క్రైస్తవ మిషన్‌కు ఆద్యుడు. అమెరికాలోని లూథరన్ సంఘాలు విదేశాలకు పంపిన తొలి మిషనరీ ఈయనే. 1842లో గుంటూరులో మిషన్ స్థాపించాడు. పదిహేనేళ్ళ తరువాత అమెరికా తిరిగి వెళ్ళి మిన్నెసోటా సినడ్‌కు మొదటి అధ్యక్షుడయ్యాడు. రాజమండ్రి మిషన్ వేరొక సంస్థకు బదిలీ కాబోతున్న తరుణంలో, 76 ఏళ్ళ వయసులో మూడవసారి భారతదేశానికి వచ్చి దానిని నిలబెట్టాడు. తెలుగు లూథరన్లు ఈయనను ఫాదర్ హయ్యర్ అని పిలుస్తారు. ఫాదర్ అనే పిలుపు లూథరన్ పాస్టర్లకు సాధారణంగా వాడేది కాదు. వయసు వలన, సేవ వలన కలిగిన గౌరవంతో అది ఈయన పేరులో భాగమైపోయింది. తెలుగులో ఈ పేరును హేయర్ అని కూడా రాస్తారు.

బాల్యం, విద్య

హయ్యర్ జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పట్టణంలో జన్మించాడు. తండ్రి ఉన్ని తోలు వస్త్రాల వ్యాపారి. నెపోలియన్ యుద్ధాలతో జర్మన్ రాజ్యాలు అల్లకల్లోలమైన రోజులవి. 1807లో తల్లిదండ్రులు ఈయనను అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్న మేనమామ వద్దకు పంపించారు. అప్పటికి ఈయన వయసు పద్నాలుగేళ్ళు. ఫిలడెల్ఫియాలో జర్మన్ లూథరన్ సంఘంలో పెరిగి, సంఘ పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, అక్కడి పాస్టర్ల వద్ద వేదాంతశాస్త్రం అభ్యసించాడు. 1815లో జర్మనీ వెళ్ళి గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదివి తిరిగి వచ్చాడు.

అమెరికాలో తొలి సేవ

1817లో పెన్సిల్వేనియా మినిస్టీరియం అనే లూథరన్ సంఘాల సమాఖ్య ఈయనకు బోధించడానికి అనుమతి ఇచ్చింది. 1820లో పాస్టర్‌గా అభిషేకం పొందాడు. మేరీ వెబ్ గాష్ అనే వితంతువును 1819లో వివాహం చేసుకున్నాడు. పెన్సిల్వేనియా, మేరీలాండ్ ప్రాంతాలలో చెదురుమదురుగా స్థిరపడిన వలస కుటుంబాల మధ్య, గుర్రంపై తిరుగుతూ, సుమారు ఇరవై ఏళ్ళపాటు సంఘాలను, ఆదివారపు బడులను స్థాపించాడు. 1837లో పిట్స్‌బర్గ్ నగరంలో సంఘాన్ని ప్రారంభించాడు. కొత్తచోట పని మొదలుపెట్టి, అది నిలదొక్కుకోగానే మరొకరికి అప్పగించి ముందుకు సాగడం ఈయన పద్ధతి. జీవితాంతం ఇదే పద్ధతి కొనసాగింది.

భారతదేశానికి పిలుపు

1839లో భార్య మరణించింది. ఆ తరువాత, భారతదేశానికి మిషనరీగా వెళ్ళవలసిందని లూథరన్ మిషనరీ సంఘం ఈయనను కోరింది. హయ్యర్ అంగీకరించి బాల్టిమోర్‌లో సంస్కృతం, వైద్యం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. అయితే లూథరనేతర సంస్థ అయిన అమెరికన్ బోర్డు అధీనంలో పనిచేయాలని ఆ సంఘం నిర్ణయించినప్పుడు ఈయన ఆ నియామకాన్ని వదులుకున్నాడు. తనను పంపేది, తన పనికి బాధ్యత వహించేది తన సంఘమే కావాలన్నది ఈయన అభిప్రాయం. 1841లో పెన్సిల్వేనియా మినిస్టీరియం స్వయంగా నియమించడానికి ముందుకు వచ్చాక ప్రయాణమయ్యాడు.

1841 అక్టోబరులో బోస్టన్ రేవులో ఓడ ఎక్కి, 1842లో సింహళం చేరుకున్నాడు. అక్కడినుండి తమిళదేశం, మద్రాసు, నెల్లూరు మీదుగా 1842 జూలై 31న గుంటూరు చేరాడు. అప్పటికే విశాఖపట్నంలో లండన్ మిషన్, నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు, మచిలీపట్నంలో చర్చి మిషనరీ సొసైటీ, నరసాపురంలో గోదావరి డెల్టా మిషన్ పనిచేస్తున్నాయి. గుంటూరు కలెక్టరు హెన్రీ స్టోక్స్ తన ప్రాంతానికి మిషనరీ కావాలని కోరుకుంటూ ఉండడం వలన హయ్యర్ అక్కడే ఆగిపోయాడు.

గుంటూరు, పల్నాడు

గుంటూరులో హయ్యర్ పాఠశాలలతో పని ప్రారంభించాడు. బాలికలకు కూడా బడి పెట్టాడు. 1844లో వాల్టర్ గన్ దంపతులు సహాయంగా వచ్చారు. హయ్యర్ 1846లో అమెరికా తిరిగి చేరుకుని, బాల్టిమోర్‌లో వైద్యవిద్య పూర్తిచేసి ఎం.డి. పట్టా పొందాడు. అప్పటికి ఈయనకు యాభై ఏళ్ళు దాటాయి. 1848లో రెండవసారి గుంటూరు వచ్చాడు.

1849లో పల్నాడులోని గురజాలను కేంద్రం చేసుకున్నాడు. గుంటూరు పట్టణంలో కంటే ఇక్కడి పల్లెలలో ఎక్కువమంది క్రైస్తవం స్వీకరించారు. వారిలో అధికులు మాల కులానికి చెందినవారు. ఊరి బడిలోకి, బావి దగ్గరకు రానివ్వని కాలంలో, మిషన్ బడి వారికి చదువుకునే అవకాశం కల్పించింది. కంపెనీ అధికారుల అండ మిషన్‌కు ఉపకరించింది. అదే కారణంగా మిషనరీలను పాలకుల మనుషులుగా చూసినవారూ ఉన్నారు.

రాజమండ్రిలో ఉత్తర జర్మన్ మిషనరీ సంఘం 1845లో లూయీ వాలెట్ ద్వారా పని ప్రారంభించింది. ఆ సంఘం ఆర్థికంగా చితికిపోవడంతో 1850–51లో రాజమండ్రి కేంద్రాన్ని అమెరికన్ లూథరన్ మిషన్‌కు అప్పగించింది. అలా కృష్ణకు దక్షిణాన గుంటూరు, గోదావరి ఒడ్డున రాజమండ్రి ఒకే మిషన్ కిందికి వచ్చాయి. 1857లో హయ్యర్ భారతదేశం విడిచి అమెరికా వెళ్ళాడు.

మిన్నెసోటా సినడ్ అధ్యక్షత

అరవై నాలుగేళ్ళ వయసులో అమెరికా చేరుకున్న హయ్యర్ విశ్రాంతి తీసుకోలేదు. పశ్చిమాన కొత్తగా జనావాసాలు ఏర్పడుతున్న మిన్నెసోటాకు వెళ్ళి, సెయింట్ పాల్ పట్టణంలో పాస్టర్‌గా పనిచేశాడు. 1860లో అక్కడి లూథరన్ పాస్టర్లు కలిసి మిన్నెసోటా సినడ్ ఏర్పరచి హయ్యర్‌ను మొదటి అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. 1868 వరకు ఈయన ఆ పదవిలో ఉన్నాడు. దూరదూరాలలో ఉన్న సంఘాలను చూసుకోవడం, కొత్తవారిని పనిలోకి తీసుకోవడం అధ్యక్షుడి బాధ్యతలు. గుర్రంపై తిరిగిన తొలి సేవలోను, గుంటూరు, పల్నాడులలోను ఈయన చేసినది దాదాపు ఇదే పని.

రాజమండ్రి బదిలీ ప్రతిపాదన

హయ్యర్ మిన్నెసోటాలో ఉన్న కాలంలో తెలుగు మిషన్ క్షీణించింది. 1861 నుండి 1865 వరకు సాగిన అమెరికా అంతర్యుద్ధం వలన డబ్బు, మనుషులు రావడం తగ్గిపోయింది. 1866లో ఆడమ్ లాంగ్ అనే మిషనరీ మశూచి సోకి మరణించాడు. గుంటూరులో ఉన్న ఎరియాస్ ఉనాంగ్స్ట్ ఒక్కడే రెండు కేంద్రాలనూ చూడవలసి వచ్చింది. గోదావరి ప్రాంతంలో రోజువారీ పని తెలుగు ఉపదేశుల మీదనే నడిచింది.

ఇదే సమయంలో అమెరికాలో లూథరన్ సంఘాలు చీలిపోయాయి. పెన్సిల్వేనియా మినిస్టీరియం జనరల్ సినడ్ నుండి విడిపోయి, 1867లో జనరల్ కౌన్సిల్ ఏర్పాటుకు నాయకత్వం వహించింది. మిషన్ జనరల్ సినడ్ చేతిలోనే మిగిలింది. రెండు కేంద్రాలను నడిపే శక్తి లేక, రాజమండ్రి, సామర్లకోటలను ఆంగ్లికన్ల చర్చి మిషనరీ సొసైటీకి అప్పగించడానికి జనరల్ సినడ్ వర్గాలు సిద్ధపడ్డాయి.

ఆ రోజులలో హయ్యర్ జర్మనీలో ఉన్నాడు. పూర్వం రాజమండ్రిలో, గుంటూరులో పనిచేసి స్వదేశం చేరిన గ్రోనింగ్ ద్వారా ఈ సంగతి తెలిసింది. వెంటనే అమెరికా ప్రయాణమై, 1869 మే నెలలో రీడింగ్ పట్టణంలో జరిగిన మినిస్టీరియం సమావేశానికి హాజరయ్యాడు. రాజమండ్రిని వదులుకోవద్దని, మినిస్టీరియం దానిని తన బాధ్యతగా తీసుకోవాలని కోరాడు. అంతటితో ఆగక, యువకులు సిద్ధమయ్యేవరకు తానే వెళ్తానని ప్రకటించాడు. అభ్యర్థనకు కదలనివారు ఈ ప్రకటనకు కదిలారు. వృద్ధుడిని పంపడం సరికాదన్న సంకోచాన్ని ఈయన సంసిద్ధత తొలగించింది. బదిలీ ఆగిపోయి, రాజమండ్రి జనరల్ కౌన్సిల్ చేతికి వచ్చింది. గుంటూరు జనరల్ సినడ్ వద్దనే ఉండిపోయింది.

రాజమండ్రిలో చివరి సేవ

హయ్యర్ 1869 డిసెంబరు 1న రాజమండ్రి చేరుకున్నాడు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి అప్పటికి పదిహేడేళ్ళయింది. కాలువల వలన డెల్టా పల్లెలలో సేద్యం, పడవ ప్రయాణం పెరిగాయి. మిషన్ మాత్రం ఉపదేశుల చేతిలో కొద్దిపాటి సంఘాలుగా మిగిలి ఉంది. హయ్యర్ వారిని కలుపుకుని సంఘాలను, బడులను తిరిగి క్రమబద్ధం చేశాడు.

వారసులను సిద్ధం చేయడం ఈ రాకకు ముఖ్య ఉద్దేశం. ముందుగా వచ్చిన బెకర్ అనే యువ మిషనరీ 1870లో, వచ్చిన కొద్దికాలానికే మరణించాడు. అదే ఏడాది హాన్స్ క్రిస్టియన్ ష్మిట్ వచ్చాడు. బాధ్యతలు ఆయనకు అప్పగించి హయ్యర్ 1871 జనవరిలో రాజమండ్రి విడిచాడు. ఈసారి ఇక్కడ గడిపినది పదమూడు నెలలు మాత్రమే. ష్మిట్ ఆ తరువాత దశాబ్దాలపాటు రాజమండ్రి మిషన్‌కు నాయకత్వం వహించాడు. 1870వ దశకం చివరలో తోట జోసెఫ్, నేలప్రోలు పౌలు అనే తెలుగు ఉపదేశులు పాస్టర్లుగా అభిషేకం పొందారు.

చివరి రోజులు

అమెరికా చేరుకున్న హయ్యర్ ఫిలడెల్ఫియాలోని లూథరన్ సెమినరీలో విద్యార్థుల మధ్య నివసిస్తూ, వారి బాగోగులు చూసే బాధ్యత నిర్వహించాడు. 1873 నవంబర్ 7న, 80వ ఏట మరణించాడు. పెన్సిల్వేనియాలోని సోమర్‌సెట్ కౌంటీలో, ఫ్రీడెన్స్ అనే ఊరిలో భార్య సమాధి పక్కన ఖననం చేశారు.

ప్రభావం, అంచనా

1918లో అమెరికాలోని లూథరన్ వర్గాలు తిరిగి ఏకమయ్యాయి. ఆ తరువాత 1927లో గుంటూరు, రాజమండ్రి మిషన్లు కలిసి ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి (ఎ.ఇ.ఎల్.సి.) ఏర్పడింది. దీని ప్రధాన కార్యాలయం గుంటూరులో ఉంది. 1869లో బదిలీ జరిగి ఉంటే ఈ సంఘంలో గోదావరి భాగం ఉండేది కాదు. రాజమండ్రిలోని లూథర్‌గిరి పాస్టర్ల శిక్షణకు కేంద్రమైంది. 1964లో ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కళాశాల ప్రారంభమైనది ఇక్కడే. తరువాత అది హైదరాబాదుకు మారింది.

హయ్యర్ రాకతో రాజమండ్రి మిషన్ నిలిచిందనడం నిజమే. అయితే మిషనరీలు లేని సంవత్సరాలలో సంఘాలు పూర్తిగా చెదిరిపోకుండా కాపాడినవారు తెలుగు ఉపదేశులు. బదిలీ జరిగినా ఆ ప్రాంతంలో క్రైస్తవం అంతరించేది కాదు, వేరొక సంఘం కింద కొనసాగేది. హయ్యర్‌కు ముఖ్యమైనది, ఒకసారి చేపట్టిన బాధ్యతను తన సంఘం మధ్యలో విడిచిపెట్టరాదన్న విషయం. 1840లో నియామకాన్ని వదులుకోవడానికి, 1869లో తానే బయలుదేరడానికి వెనుక ఉన్నది ఈ ఒక్క ఆలోచనే. పదవిని స్వీకరించినంత సులభంగా విడిచిపెట్టగలగడం ఈయన నాయకత్వంలోని ప్రత్యేకత.