అడవి బాపిరాజుగారి కళాసేవ

కృష్ణాతీరమున వేదాద్రియందు వెలసిన నరసింహస్వామిని సేవింప నేగు భక్తులు నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా పోవుట పరిపాటి. జగ్గయ్యపేట చెంతనే ధనంబోడు అను గుట్ట కలదు. అచటి ప్రాచీన స్తూపమును 1882లో బర్జెస్ దొర త్రవ్వించి పరిశోధించెను. ఇక్ష్వాకు ప్రభువగు వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరమున సిద్ధార్థుడను శిల్పి, తల్లితోను ఆలుబిడ్డలతోను కూడి, తూర్పు ద్వారమున ఐదు స్తంభములను సమర్పించెనని అచటి శాసనము తెలుపుచున్నది. రాజులును వర్తకులును దానములు చేయుట వింత గాదు. ఉలి పట్టి జీవించువాడు దాత యగుట విశేషము. ఆ స్తూపము బౌద్ధులది. అయినను తన చేతిపని తనకొరకే కాదను భావము ఏ మతమువారికైనను ఆదరణీయమే.

అట్టి శిల్పులు మెలగిన ఆంధ్రదేశమును పెక్కు వందల యేండ్లకు పిమ్మట తెలుగు పాఠకుల కన్నులకు గట్టించినవారు అడవి బాపిరాజుగారు. శాతవాహనుల కాలమును 'హిమబిందు' నవలయందును, ఇక్ష్వాకుల విజయపురిని 'అడవి శాంతిశ్రీ' నవలయందును ఆయన వర్ణించిరి. అయితే ఆయనను నవలాకారుడని మాత్రమే పిలుచుట చాలదు. ఆయన కవి, చిత్రకారుడు, గాయకుడు, ఉపాధ్యాయుడు, పత్రికాసంపాదకుడు, చలనచిత్రములకు కళాదర్శకుడు. రెండు పడవలపై కాళ్లు పెట్టినవాడు ఏటిపాలగునని లోకోక్తి. ఇన్ని పడవలపై నడచిన బాపిరాజుగారు ఎట్లు తరించిరో విచారింపదగినది.

ఆయన 1895 అక్టోబరు 8వ తేదీన, భీమవరము ప్రాంతమున, కృష్ణయ్య, సుబ్బమ్మ దంపతులకు జన్మించిరి. రాజమహేంద్రవరపు ఆర్ట్స్ కళాశాలలో చదువుకొనునపుడు ప్రధానాచార్యుడగు కూల్డ్రే దొర ప్రోత్సాహము లభించినది. ఆ ఆంగ్లేయుడు స్వయముగా చిత్రకారుడు. మన దేశపు ప్రకృతినే, మన శిల్పమునే చూచి నేర్చుకొనుడని తెలుగు బాలురకు బోధించిన సహృదయుడు. దామెర్ల రామారావుగారును ఆ గురువు నీడనే ఎదిగిరి. రామారావుగారు 1925లో పిన్నవయసుననే కన్నుమూసిరి. బాపిరాజుగారు మద్రాసునకు పోయి న్యాయశాస్త్రము చదివి పట్టము పొందిరి.

సుఖజీవనమునకు వలసిన విద్య చేతికందిన వేళనే సహాయనిరాకరణోద్యమము వచ్చినది. బాపిరాజుగారు అందు పాల్గొని కారాగారవాసము చేసిరి. పిదప ఆయన అడుగులు బందరునకు సాగినవి. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు నాడు బందరు ముఖ్యపట్టణముగా గల కృష్ణాజిల్లాలోనివి. 2022లో మాత్రమే అవి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. బందరులో కోపల్లె హనుమంతరావుగారు 1910లో స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో పుస్తకవిద్యతోపాటు చేతివృత్తులకును గౌరవస్థానము కలదు. అచట వంగదేశీయులగు ప్రమోదకుమార చట్టోపాధ్యాయులవద్ద బాపిరాజుగారు భారతీయ చిత్రకళను అభ్యసించిరి. ఆ వంగసంప్రదాయమున రంగు పూయుట, నీట కడుగుట, ఆరిన పిమ్మట మరల పూయుట కలవు. ఇట్లు పలుమార్లు చేసినగాని కాగితముపై ఆ మృదుకాంతి నిలువదు. న్యాయవాది పట్టము పొందినవాడు కుంచె పట్టి మరల శిష్యుడై కూర్చుండుటకు వినయము కావలయును.

కొంతకాలము భీమవరమున న్యాయవాదవృత్తి సాగించినను ఆయన మనస్సు అందు నిలువలేదు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో ఆయన 'నారాయణరావు', విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు' బహుమానమును సమముగా పంచుకొనినవి. ఆ విశ్వనాథవారి 'కిన్నెరసాని పాటలు' బాపిరాజుగారి చిత్రములతోనే వెలువడినవి. పోటీయందు సరిజోడైనవాని కావ్యమునకు చిత్రములతో అలంకారము కూర్చుట అసూయ యెరుగని మనసునకే చెల్లును. నండూరి సుబ్బారావుగారి ఎంకిపాటలను గొంతెత్తి పాడి పలువురకు చేరవేసిన వారిలోను ఆయన యొకరు. సాహితీలోకము ఆయనను 'బాపిబావ' అని ముద్దుగా పిలుచుకొనినది.

తాను శిష్యుడై కూర్చున్న జాతీయ కళాశాలకే ఆయన 1934 నుండి 1939 వరకు ప్రధానాచార్యులైరి. 1936లో వెలువడిన 'అనసూయ', 'ధ్రువవిజయము' చలనచిత్రములకు కళాదర్శకత్వము వహించిరి. గుంటూరున చిత్రకళను నేర్పు సంస్థను నెలకొల్పిరి. 1944 నుండి 1947 వరకు హైదరాబాదున 'మీజాన్' తెలుగు దినపత్రికను నడపిరి. 1951లో మద్రాసు ప్రభుత్వము కోరగా సింహళమునందలి సిగిరియా కుడ్యచిత్రములకు ప్రతికృతులు వ్రాసిరి. అప్పటికి ఆయన పేరుగాంచిన రచయిత. అయినను పేరైన తెలియని పూర్వచిత్రకారుల రేఖల వెంట విద్యార్థివలె కుంచె నడపిరి. మరుసటి యేడు, 1952 సెప్టెంబరు 22వ తేదీన పరమపదించిరి.

ఇన్ని కళలు ఆయనను చీల్చలేదా యను సందేహమునకు సమాధానము వైష్ణవపురాణమగు విష్ణుధర్మోత్తరమునందే కలదు. దేవతాప్రతిమను నిర్మించు విధమును తెలుపుమని వజ్రమహారాజు మార్కండేయమహర్షిని అర్థించెను. చిత్రసూత్రము నెరుగక ప్రతిమాలక్షణము తెలియదనియు, నృత్తము నెరుగక చిత్రము తెలియదనియు, వాద్యము లేక నృత్తమును, గీతము లేక వాద్యమును బోధపడవనియు మహర్షి వివరించెను. కావున కళలు వేరువేరు పడవలు గావు, ఒకే మాలలోని పూవులు. బాపిరాజుగారి నవలలలో రంగులును, చిత్రములలో లయయును కనబడుట అందుచేతనే. పడవలు పెక్కుగా తోచినను ఆయన దాటిన యేరు ఒక్కటే.

అదే గ్రంథమున చిత్రకళ పుట్టుక కూడ చెప్పబడినది. తపోభంగము చేయవచ్చిన అప్సరసలను చూచి నారాయణమహర్షి కోపింపక, మామిడిరసముతో ఒక సుందరి రూపమును లిఖించెను. ఆమెయే ఊర్వశి. ఆమె సౌందర్యమును చూచి అప్సరసలు సిగ్గుపడి మరలిపోయిరి. శపింపదగిన చోట భగవానుడు ఆటవలె బొమ్మ గీసెను. చేతిపనియందలి వినోదము లీలయే గాని వ్యర్థకాలక్షేపము గాదని ఇందలి తాత్పర్యము. బాపిరాజుగారి చిత్రములలో 'భాగవతపురుషుడు' ఒకటి. శ్రవణకీర్తనములవలె చిత్రలేఖనమును సేవయగునని ఆ పేరే చాటుచున్నది.

గృహస్థులకు ఇందు గ్రహింపదగిన ధర్మము కలదు. నందిగామ నుండి విజయవాడకు పోవు దారి చేరువననే కొండపల్లి కలదు. అచటి వారు తెల్లపొణికి కర్రను చెక్కి, అతికి, రంగులు వేసి దశావతారముల బొమ్మలు చేయుదురు. బొమ్మలకొలువు పెట్టు ఇండ్లలో అవి నేటికిని స్వామి కథలను పసివారికి నేర్పుచున్నవి. అచ్చులో పోసిన వస్తువు అంగడిలో చవుకగా దొరకు నేటికాలమున, ఆ వృత్తి నిలుచుట కొనువారి వివేకముపై ఆధారపడియున్నది. ముంగిట ముగ్గు పెట్టుట, తులసిమాల కట్టుట, కొలువునకు మెట్లు అమర్చుట పిల్లలచేత చేయింపవలెను. ముగ్గు వంకర పోయినను కోపింపరాదు. వంకర గీతలు గీసిన చేయియే తిన్నని గీతలు గీయును. ఒకనాడు అది స్వామిసేవకు తగిన చేయి యగును.