ప్రభువుకు అప్పగించిన కలం

డెన్మార్క్ దేశంలో రీబె అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి బడిపంతులు నీల్స్ రీస్‌ది పెద్ద కుటుంబం, కొద్ది జీతం. ఆ ఇంట 1849 మే 3న జాకబ్ పుట్టాడు. చిన్నతనంలో ఒక క్రిస్మస్‌కు అతనికి ఒక మార్కు నాణెం కానుకగా వచ్చింది. దాన్ని తీసుకెళ్లి, ఎలుకలు తిరిగే పాత ఇంట్లో కాపురముంటున్న ఊళ్లోకెల్లా బీద కుటుంబానికి ఇచ్చేశాడు. కానీ ఒక షరతు పెట్టాడు. ఇల్లు శుభ్రం చేసుకోవాలి, పిల్లల్ని శుభ్రంగా ఉంచాలి! దానానికి షరతు పెట్టే ఈ గుణం ఆయనలో చివరిదాకా ఉంది. దానివల్ల మేలూ జరిగింది, కీడూ జరిగింది.

వడ్రంగం నేర్చుకున్నాడు. ఎలిజబెత్ అనే ధనవంతుల అమ్మాయిని ప్రేమించి, కాదనిపించుకుని, 1870లో ఇరవై ఒకటో ఏట ఓడెక్కి న్యూయార్క్ చేరాడు. అక్కడ చెయ్యని కూలిపని లేదు. గని పని, ఇటుకల పని, పొలం పని, ఇస్త్రీ పెట్టెలు అమ్మే పని అన్నీ చేశాడు. ఏ పనీ దొరకని రోజుల్లో ఆకలితో వీధుల్లో పడుకున్నాడు. ఒక వాన రాత్రి, ఇల్లు లేనివారికోసం పోలీసు స్టేషనులో ఉంచిన గదిలో తలదాచుకున్నాడు. నిద్రలో మెడలోని బంగారు లాకెట్‌ను ఎవరో దొంగిలించారు. ఫిర్యాదు చేస్తే అతన్నే దొంగ అని తిట్టి బయటికి గెంటారు. కొన్నాళ్లుగా అతన్ని అంటిపెట్టుకున్న ఒక వీధికుక్క తిరగబడితే, దాన్ని అతని కళ్లముందే మెట్లకేసి కొట్టి చంపారు. ఆ రాత్రిని రీస్ మరచిపోలేదు.

తర్వాత ఒక వార్తాసంస్థలో పని దొరికింది. ఆ రోజుల్లోనే బ్రూక్లిన్‌లో ఒక మెథడిస్టు సంఘంలో జరిగిన ఉజ్జీవ కూటాల్లో ఆయన మారుమనస్సు పొందాడు. పాస్టరు ఇకబాడ్ సిమ్మన్స్ గారి దగ్గరికి వెళ్లి, పత్రికాపని మానేసి బోధకుణ్ణవుతానన్నాడు. పాస్టరు గారు వద్దన్నారు. ప్రసంగికులు ఉన్నది చాలు, లోకానికి ఇప్పుడు కావలసింది దేవునికి అప్పగించిన కలాలని చెప్పి పంపించారు. ఒక యౌవనస్థుడు సేవకు వస్తానంటే సంతోషంతో చేర్చుకోవడమే మన పాస్టర్లకు అలవాటు. ఆ రోజు సిమ్మన్స్ గారు చూసినంత దూరం మనలో ఎందరం చూస్తాం?

1876లో రీస్ స్వదేశం వెళ్లి, ఆనాడు కాదన్న ఎలిజబెత్‌నే పెళ్లి చేసుకుని వచ్చాడు. మరుసటి ఏడాది ట్రిబ్యూన్ పత్రిక ఆయనను పోలీసు వార్తల విలేకరిగా నియమించింది. ఆఫీసు మల్‌బెర్రీ వీధిలో, పోలీసు ప్రధాన కార్యాలయానికి ఎదురుగా ఉండేది. రాత్రి డ్యూటీ ముగించుకుని తెల్లవారుజామున ఇంటికెళ్లే దారిలో ఆయన చూసినవి అద్దె మేడలు. 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు ఉన్న స్థలంలో నాలుగైదు అంతస్తులు లేపి, వలస వచ్చిన కుటుంబాలను కుక్కేవారు. లోపలి గదులకు కిటికీ ఉండదు. మరుగుదొడ్డి వెనుక పెరట్లో, అందరికీ ఒకటే చోట. 1879 చట్టం తర్వాత మేడల మధ్య గాలికోసం సందు వదిలారు గానీ, అది చెత్త పడేసే గొయ్యి అయింది. నిప్పంటుకుంటే పొగగొట్టమూ అయింది. కలరా, క్షయ, పసిపిల్లల మరణాలు అక్కడే ఎక్కువ.

వీటిగురించి ఆయన ఏళ్ల తరబడి రాశాడు. జనం చదివి పక్కన పెట్టారు. 1887లో ఒక ఉదయం పత్రికలో చిన్న వార్త కనబడింది. జర్మనీలో మెగ్నీషియం పొడిని మండించి, చీకట్లో ఫొటో తీసే పద్ధతి కనిపెట్టారట. రీస్‌కు కావలసింది అదే. నగర ఆరోగ్యశాఖలో పనిచేసే డాక్టర్ జాన్ నేగిల్, మరి ఇద్దరు ఫొటోగ్రఫీ అభిమానులు తోడు వచ్చారు. అర్ధరాత్రి తలుపు తోసుకుని వెళ్లి, పిస్తోలులాంటి పరికరంతో మెరుపు పేల్చేవారు. నిద్రలో ఉన్నవారు హడలిపోయి పరుగెత్తేవారు. తర్వాత పిస్తోలు మానేసి పొడిని పెనంలో పోసి వెలిగించాడు. రెండుసార్లు ఇళ్లకు నిప్పంటించాడు, ఒకసారి తన ఒంటికే అంటించుకున్నాడు.

బయార్డ్ వీధిలో తీసిన ఒక ఫొటో ఇప్పటికీ చూసేవారిని నిలబెట్టేస్తుంది. పదమూడు అడుగులైనా లేని గదిలో పన్నెండుమంది ఆడా మగా పడుకుని ఉన్నారు. కొందరు చెక్క బల్లలమీద, మిగిలినవారు నేలమీద. ఒక్కొక్కరికి రాత్రికి అయిదు సెంట్ల అద్దె. నెహెమ్యా రాత్రివేళ బయలుదేరి, ఎవరికీ చెప్పకుండా పడిపోయిన గోడలను తన కళ్లతో చూసి వచ్చాకే ప్రజలతో మాట్లాడాడు. ఈ విలేకరి చేసినదీ దాదాపు అదే.

అయితే ఆ బొమ్మలు ఎవరికి చూపాలి? మిషనరీలు మన గ్రామాల్లో తెర కట్టి మ్యాజిక్ లాంతరుతో బొమ్మలు చూపేవారని పాత తరం విశ్వాసులు చెప్పుకుంటారు కదా. అలాంటి లాంతరుతోనే చూపాలనుకున్నాడు. ముందుగా అడిగింది సంఘాన్నే. లాంగ్ ఐలాండ్‌లో తాను డీకనుగా ఉన్న సంఘం ఒప్పుకోలేదు. ఆయన డీకను పదవికి రాజీనామా చేశాడు. ఆ పెద్దలను నేను తేలికగా తీసిపారెయ్యలేను. ఆరాధన స్థలంలో మురికివాడ బొమ్మలేమిటని వారికి అనిపించి ఉండవచ్చు. కానీ ధనవంతుని వాకిట లాజరు పడి ఉండడం కొత్త సంగతి కాదు, ఆ వాకిలి దాటి వెళ్లేవారు చూడకపోవడమూ కొత్త కాదు. చివరకు సిటీ మిషన్‌కు చెందిన డాక్టర్ షాఫ్లర్, డాక్టర్ జోసయ్య స్ట్రాంగ్ అనే ఇద్దరు దైవజనుల సహాయంతో 1888 ఫిబ్రవరిలో బ్రాడ్‌వే టేబర్నకిల్ మందిరంలో బొమ్మలు తెరమీదికి వచ్చాయి. తర్వాత ఒక సంఘంలో వాటిని చూసిన విశ్వాసుల్లో స్క్రిబ్నర్స్ మాసపత్రిక సంపాదకుడొకరు ఉన్నారు. 1889 డిసెంబరు సంచికలో వ్యాసం వచ్చింది. మరుసటి ఏడాది, నగరంలో మిగతా సగంమంది ఎలా బతుకుతున్నారో చెప్పే పుస్తకం వెలువడింది. అది చదివి థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆయన ఆఫీసుకు వచ్చి, మనిషి లేకపోతే, సహాయం చేయడానికి వచ్చానని కార్డుమీద రాసి వెళ్లాడు. 1895లో రూజ్‌వెల్ట్ పోలీసు కమిషనర్ అయ్యాక ఇద్దరూ కలిసి రాత్రిపూట నగరం తిరిగారు. కుక్కను చంపిన ఆ స్టేషను దగ్గరికి రీస్ ఆయనను తీసుకెళ్లాడు. 1896లో పోలీసు స్టేషన్లలోని ఆ గదులన్నీ మూతబడ్డాయి.

1891లో నగరానికి నీరిచ్చే క్రోటన్ పరివాహక ప్రాంతమంతా తిరిగి, ఊళ్ల మురుగు అందులో కలుస్తున్న చోట్లను ఫొటోలు తీసి ప్రచురించాడు. ఆ తర్వాత నగరపాలకులు జలాశయం చుట్టూ భూములు కొని నీటిని కాపాడవలసి వచ్చింది.

ఆయన పుస్తకంలో మనం ఒప్పుకోలేనివీ ఉన్నాయి. చైనీయుల గురించి, యూదుల గురించి, ఇటలీవారి గురించి రాసిన మాటలు అవమానకరంగా ఉంటాయి. జాతికి ఒక గుణం అంటగట్టే ఆనాటి దురభ్యాసం ఆయనను వదల్లేదు. ఏ దీనుల గదిలో వెలుగు వెలిగించాడో ఆ దీనుల అనుమతి కూడా చాలాసార్లు అడగలేదు. బీదలను చూపించడానికీ బీదలను గౌరవించడానికీ తేడా ఉంది. మన సంఘాల పరిచర్య నివేదికల్లో అచ్చయ్యే ఫొటోలకూ ఈ మాట వర్తిస్తుంది.

మల్‌బెర్రీ బెండ్ అనే ఆ వాడలోని మేడలను కూల్చాలని ఆయన ఏళ్లతరబడి పోరాడాడు. అవి కూలాయి. ఆ స్థలంలో పార్కు వెలిసింది. అది పూర్తవుతున్న రోజుల్లో ఆయన పచ్చికమీద అడుగుపెడితే ఒక పోలీసు బెత్తంతో కొట్టి తరిమాడు. 1897లో ప్రారంభోత్సవానికి ఆయనను పిలవలేదు. అయినా వెళ్లి జనంలో నిలబడ్డాడు. పారిశుద్ధ్య శాఖాధిపతి కల్నల్ వేరింగ్ వేదికమీదనుంచి ఆయన పేరు చెప్పి జనంచేత జయధ్వనులు చేయించాడు. 1901లో అద్దె మేడల చట్టం వచ్చింది. కొత్త మేడల్లో ప్రతి గదికీ కిటికీ, ప్రతి వాటాకూ మరుగుదొడ్డి ఉండాలి. పాతవాటిలో చీకటి గదులకు కిటికీలు తెరవాలి. ఆ చట్టంకోసం లారెన్స్ వీలర్ వంటివారు చేసిన కష్టం చాలా ఉంది. అయితే ఆ గదులు ఎలా ఉంటాయో అప్పటికే నగరం కళ్లారా చూసి ఉంది.

రీస్ 1914 మే 26న మసాచుసెట్స్‌లోని బారె గ్రామంలో తన పొలం ఇంట్లో ప్రభువునందు నిద్రించాడు. సమాధిమీద ఉన్నది పేరు చెక్కని ఒక బండరాయి. తాను ఫొటోగ్రాఫర్నని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఆ గాజు పలకలు ఇంటి అటకమీదే ఉండిపోయాయి. 1940లలో అలెగ్జాండర్ అలాండ్ అనే ఫొటోగ్రాఫర్ వాటికోసం ఆరా తీస్తే రీస్ కుమారుడు వెతికించాడు. దొరికిన 412 పలకలు న్యూయార్క్ నగర మ్యూజియానికి చేరాయి.