లేని చేతి వేదన విన్న వైద్యుడు

దేహంలో లేని అవయవం బాధిస్తుందా? తెగిపోయిన చేతి వేళ్లు మెలిపెడుతున్నాయని ఎవరైనా మొరపెట్టుకుంటే లోకం నవ్వుతుంది. లేదా మతి చలించిందంటుంది. అట్టి మొరను శ్రద్ధగా ఆలకించి, శాస్త్రంలో దానికి స్థానం కల్పించిన వైద్యుడు సైలస్ వైర్ మిచెల్.

మిచెల్ 1829 ఫిబ్రవరి 15న అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో జన్మించాడు. తండ్రి కూడా వైద్యుడే. 1850లో జెఫర్సన్ వైద్య కళాశాల పట్టభద్రుడై, పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ వద్ద అధ్యయనం చేశాడు. స్వదేశానికి తిరిగి వచ్చి, వైద్యం చేస్తూనే పాము విషంపై పరిశోధనలు సాగించాడు.

1861లో అమెరికా అంతర్యుద్ధం ప్రారంభమైంది. తుపాకి గుండ్లకు ఎముకలు నుగ్గయిన వేలాదిమంది సైనికులకు ప్రాణరక్షణకై కాలుసేతులు తొలగించవలసివచ్చింది. ఫిలడెల్ఫియాలోని టర్నర్స్ లేన్ ఆసుపత్రిలో నాడులు దెబ్బతిన్నవారికి మిచెల్ చికిత్స చేశాడు. సహచరులు మోర్‌హౌస్, కీన్‌లతో కలిసి 1864లో నాడీగాయాలపై గ్రంథం వెలువరించాడు. అవయవాలు కోల్పోయిన 90 మందిని పరిశీలించగా, 86 మంది అవి ఇంకా ఉన్నట్లే అనుభూతి చెందుతున్నారని తేలింది.

1866లో మిచెల్ తన పేరు చెప్పకుండా, కాలుసేతులన్నీ కోల్పోయిన సైనికుని కథ ఒకటి ప్రచురించాడు. పాఠకులు దానిని యథార్థమని నమ్మి విరాళాలు సైతం సేకరించారు. 1871లో ఆయన ఈ స్థితికి ‘ఫాంటమ్ లింబ్’, అనగా మాయావయవం, అని నామకరణం చేశాడు. తెగిన నాడుల కొనలు రేగి పంపే సంకేతాలను మెదడు లేని అవయవానికి ఆపాదిస్తుందని ఆయన భావించాడు. మెదడులో ప్రతి అవయవానికీ ఒక చోటు ఉంటుందనీ, చేయి పోయినా ఆ చోటు చెరిగిపోదనీ తరువాతి పరిశోధనలు తెలిపాయి. 1990లలో తమిళనాడులో జన్మించిన వి.ఎస్. రామచంద్రన్, ఉన్న చేతి ప్రతిబింబాన్ని అద్దంలో చూపి, మెదడును నమ్మించి, కొందరి బాధ తగ్గించగలిగాడు.

మిచెల్ కీర్తికి మచ్చ లేకపోలేదు. మానసికంగా అలసిన స్త్రీలకు ఆయన విధించిన సంపూర్ణ విశ్రాంతి చికిత్స కొందరిని మరింత కుంగదీసింది. అలా బాధపడిన షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో ఆ అనుభవాన్నే కథగా మలచింది. సైనికుల మొర విన్న చెవి, ఆ స్త్రీల మొరను అంతగా వినలేదు.

1914 జనవరి 4న మిచెల్ కన్నుమూశాడు. కంటికి కనిపించనంత మాత్రాన బాధ అబద్ధం కాదు. ఎదుటివారి మాట విన్నప్పుడు ఆయన సాధించిన విజయమూ, విననప్పుడు జరిగిన పొరపాటూ మనకు నేర్పే పాఠం ఇదే.