షేక్ చినమౌలానా

షేక్ చినమౌలానా (మే 12, 1924 - ఏప్రిల్ 13, 1999) సుప్రసిద్ధ నాదస్వర విద్వాంసుడు. ఈయన ఒంగోలు సమీపమున గల కరవది గ్రామములో, తరతరములుగా నాదస్వరమే వృత్తిగా గల ముస్లిం కుటుంబములో జన్మించాడు. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడినది. ఆనాడు ఈ ఊరు గుంటూరు జిల్లాలో ఉండేది. తొలుత తండ్రి ఖాసిం సాహెబ్ వద్ద, పిదప చిలకలూరిపేట ఆదం సాహెబ్ వద్ద విద్య నేర్చాడు.

టి.ఎన్.రాజరత్నం పిళ్ళై (1898-1956) తంజావూరు బాణీ మౌలానాను అమితముగా ఆకర్షించినది. ఆ బాణీకి ఆధారము బారి నాదస్వరము. పొట్టిదైన తిమిరి హెచ్చు శ్రుతిలో పలికి ఊరేగింపులలో దూరమునకు వినవచ్చును. బారి పొడవైనది, గొట్టము పెరిగిన కొలది శ్రుతి తగ్గి, నాదము గంభీరమగును. విస్తారమైన రాగాలాపనకు ఇదే అనువైనది. శుద్ధ మధ్యమము చక్కగా పలుకునట్లు దీనిని కుంభకోణం చెంత నరసింగంపేటలో రంగనాథన్ ఆచారి చేత రాజరత్నం పిళ్ళై తీర్చిదిద్దించాడు. అక్కడివారు వాడునది ఆచ్చా కర్ర. అదియును పాత ఇళ్ళనుండి తీసిన దూలమైతేనే శ్రేష్ఠము. పచ్చికర్ర ఎండి బీటలువారితే వాద్యము పనికిరాదు.

అయితే వాద్యము చేతికి వచ్చినంత మాత్రమున బాణీ రాదు. అందుకై మౌలానా నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరులకు శిష్యుడైనాడు. తరువాత శ్రీరంగములో స్థిరపడి, 1982లో అక్కడ శారదా నాదస్వర సంగీత ఆశ్రమము నెలకొల్పాడు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి పురస్కారము పొందాడు. ఆ మరుసటి సంవత్సరమే మరణించాడు.